ఏడవమంటారా బాబూ?

ఏటేటా మన సావనీరులో ఆశయాలకూ ఆవేశాలకూ కొదవ ఉండదు. నేనూ అలాంటి వ్యాసమొకటి రాద్దామనే కూర్చున్నాను. "మానవ సేవలో విద్యార్థి పాత్ర" అని శీర్షిక కూడా పెట్టుకున్నాను. చెప్పొద్దూ, మొదటి వాక్యం దగ్గరే కలం ఆగిపోయింది. సేవ అనే మాట రాయగానే ఒక మనిషి ముఖం కాగితానికి అడ్డం వచ్చింది. అందుచేత ఆ శీర్షిక కొట్టేసి, ఆ మనిషి నన్నడిగిన ప్రశ్ననే పైన పెట్టాను.

అతను మన హాస్టలు మెస్సులో వంట చేస్తాడు. శ్రీకాకుళం జిల్లా మనిషి. మేమంతా మావయ్యా అని పిలుస్తాం. 2023లో, నేను రెండో సంవత్సరంలో ఉండగా, ఒక రాత్రి భోజనాలయ్యాక చేతులు తుడుచుకుంటూ వచ్చి, "బాబూ, మా గుంటకి గుండెలో సిల్లుందంట. కాగితాలు ఓసారి సూడండి" అన్నాడు.

పాపకి ఆరేళ్ళు. బడిలో ఆటల పీరియడులో నాలుగడుగులు పరుగెత్తి, ఉన్నట్టుండి గొంతుకు కూర్చునేదట. టీచరు బద్ధకమనుకుంది. తల్లి దిష్టి అనుకుంది. బడికి వచ్చిన వైద్య బృందం మాత్రం ఆ పిల్ల పెదవుల నీలం చూసి, గుండెకు చెవి పెట్టి, పెద్దాసుపత్రికి చీటీ రాసింది. పుట్టిన దగ్గర్నుంచి పద్దెనిమిదేళ్ళ దాకా పిల్లల్ని పరీక్షించడానికి కేంద్ర ప్రభుత్వం 2013లో మొదలుపెట్టిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వాళ్ళన్నమాట.

కాగితం మీద "టెట్రాలజీ ఆఫ్ ఫాలో" అని ఉంది. గుండెలో ఒక చిల్లు, ఊపిరితిత్తులకు రక్తం వెళ్ళే దారి ఇరుకు, మరో రెండు లోపాలు, మొత్తం నాలుగు. చెడు రక్తం మంచి రక్తంతో కలిసి ఒళ్ళంతా తిరుగుతుంది కనుక పెదవులూ గోళ్ళూ నీలమవుతాయి. గొంతుకు కూర్చోవడం బద్ధకం కాదు, వైద్యం. అలా కూర్చుంటే కాళ్ళకు పోయే రక్తానికి అడ్డు పెరిగి, ఊపిరితిత్తుల వైపు మరికొంత రక్తం మళ్ళుతుంది. ఏ డాక్టరూ చెప్పకుండానే ఆ పసిదానికి శరీరం నేర్పిన ఉపాయమది. మేము, ఇంత చదువుతున్నవాళ్ళం, అంత తెలివిగా ప్రవర్తించలేదు. అదే నేను చెప్పబోయేది.

నగరంలో ఒక ప్రైవేటు ఆసుపత్రి మూడున్నర లక్షలవుతుందని చీటీ రాసిచ్చింది. మాకు రక్తం ఉడికింది. ఆ రాత్రే గదిలో సభ పెట్టాం. ఒకడు పోస్టరు తయారు చేస్తానన్నాడు. ఒకడు తన బ్యాంకు ఖాతా ఇస్తానన్నాడు. నాకు నాలుగు మాటలు రాయడం వచ్చు కనుక మాటలు నావి. "ఈ చిన్నారి గుండె ఆగేలోగా మీ గుండె కరగదా?" అని రాసి, నా భుజం నేనే తట్టుకున్నాను.

మర్నాడు ఫోటో తీయడానికి వాళ్ళ గదికి వెళ్ళాం. పాప కొత్త గౌను వేసుకుని, రిబ్బన్లు కట్టుకుని, ఫోటో అంటే నవ్వుతూ నించుంది. తల్లి కూడా నలుగురబ్బాయిలు ఇంటికొచ్చారని ముఖం కడుక్కుని బొట్టు పెట్టుకుంది. నేను చూసి, "ఇలా అయితే ఎవరు నమ్ముతారు? కొంచెం... మామూలుగా ఉండాలి" అని నసిగాను. మామూలు అంటే ఏమిటో నాకూ తెలుసు, అతనికీ అర్థమైంది. ఒక్క క్షణం మా ముఖాల్లోకి చూసి అడిగాడు:

"ఏడవమంటారా బాబూ?"

కోపంతో అనలేదండీ. ఎత్తిపొడుపూ కాదు. రోజూ "చారు వెయ్యమంటారా బాబూ" అని ఏ గొంతుతో అడుగుతాడో ఆ గొంతుతోనే అడిగాడు. ఏం కావాలో చెబితే వడ్డిస్తాడు, అంతే. మేము వద్దనలేదు. పాప రిబ్బన్లు విప్పించాం. తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఫోటో బాగా వచ్చింది.

తొమ్మిది రోజుల్లో లక్షా ఎనభై ఆరు వేల నాలుగు వందల రూపాయలు పోగయ్యాయి. వెయ్యిమందికి పైగా పంపారు. వాళ్ళలో చాలామంది వందా, యాభై పంపినవాళ్ళే. ఒకటి మాత్రం చూసి ముచ్చటేసింది. సెల్‌ఫోనులో పంపినా మనవాళ్ళు నూట పదహార్లే పంపారు! తాతల నాటి చదివింపుల లెక్క యంత్రంలోకీ వచ్చేసింది.

ఇంతలో మా మాస్టారొకరు క్యాంటీను దగ్గర పోస్టరు చూసి, "అంతా బాగుందిరా అబ్బాయిలూ, ఆరోగ్యశ్రీ సంగతి కనుక్కున్నారా?" అన్నారు. మేము ముఖముఖాలు చూసుకున్నాం. ఒక్కడూ కనుక్కోలేదు. మావయ్య కనుక్కున్నాడు. కార్డులో పాప పేరు లేదు, వర్తించదు అన్నారట. పాప పుట్టాక కార్డులో పేరెక్కించలేదు, అదీ సంగతి. "లేదు" అనే మాటను పేదవాడు ఒక్కసారే వింటాడు. "ఎందుకు లేదు, ఏం చేస్తే వస్తుంది" అని రెండోసారి అడగడానికి చదువు కావాలి, తీరిక కావాలి, అన్నిటికీ మించి ధైర్యం కావాలి. ఆ మూడూ మా దగ్గరున్నాయి. మేము వాటిని వాడలేదు, ఫోటో తీశాం.

ఆ తర్వాత ఊళ్ళో సచివాలయం చుట్టూ తిరిగి పేరెక్కించడానికి పందొమ్మిది రోజులు పట్టింది. పథకంలో ఉన్న మరో ఆసుపత్రిలో పాపకు ఆపరేషను జరిగింది. కత్తికి గానీ మంచానికి గానీ పైసా కట్టలేదు.

మిత్రులారా, ఇక్కడితో ఆపితే కథ సుఖాంతమే. అసలు నేను చెప్పదలచుకున్నది ఇక్కడ మొదలవుతుంది.

నీలిపిల్లల గుండె జబ్బుకు మొదటి ఆపరేషను 1944 నవంబరు 29న అమెరికాలో, బాల్టిమోరు నగరపు జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో జరిగింది. ఊహ హెలెన్ టాసిగ్ అనే వైద్యురాలిది. కత్తి పట్టింది ఆల్ఫ్రెడ్ బ్లాలాక్. ఆయన వెనక స్టూలు మీద నిలబడి ఎలా కుట్టాలో చెబుతూ వచ్చినవాడు వివియన్ థామస్. కాలేజీ చదువుకు దాచుకున్న డబ్బు బ్యాంకు దివాలాలో పోగొట్టుకున్న నల్లజాతి యువకుడు, ప్రయోగశాల సహాయకుడు. అంటే ఈ విద్య పుట్టి ఎనభై ఏళ్ళు దాటింది. ప్రతి వెయ్యి మంది శిశువుల్లో సుమారు ఎనిమిది మంది ఏదో ఒక గుండె లోపంతో పుడతారని వైద్యులు చెబుతారు. కొన్ని చిల్లులు వాటంతటవే పూడిపోతాయి. కొన్నిటికి కత్తి తప్పదు. కొన్ని పెద్ద చిల్లులకు ఆలస్యం చేస్తే ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఒత్తిడి పెరిగిపోయి, ఇక ఆపరేషను చేసినా లాభం లేని దశ వస్తుంది. జబ్బుకు మందుంది, చేసే చేయుంది. మధ్యలో నిలబడ్డది డబ్బు. కనుక డబ్బు పోగుచేసేవాణ్ణి నేను తప్పు పట్టను. పట్టే అర్హత నాకు లేదు.

పదిమంది కలిసి ఒకరి బరువు మోయడం మనకు కొత్తా? వారాలు చేసుకుని చదువుకున్న పిల్లల గురించి మన పెద్దలు చెప్పగా విన్నాం. ఏడు ఇళ్ళు, ఏడు రోజులు. ఏ ఇంటికీ బరువు లేదు, పిల్లవాడి చదువు ఆగలేదు. పెళ్ళిలో చదివింపులున్నాయి. ఎవరెంత ఇచ్చారో పుస్తకంలో రాస్తారు. రేపు వాళ్ళింట్లో శుభకార్యానికి వీళ్ళు తిరిగి చదివిస్తారు. ఇచ్చినవాడూ పుచ్చుకున్నవాడూ ఒకే పంక్తిలో కూర్చుని భోంచేస్తారు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తినప్పుడు ఎన్.టి. రామారావు, అక్కినేని నాగేశ్వరరావు వంటి తారలే జోలె పట్టి వీధుల్లో తిరిగారు. గమనించండి. జోలె పట్టింది బాధితుడు కాదు, అడిగే గొంతు ఉన్నవాడు. ముఖం చూపించింది అతను.

మేము చేసింది దానికి తలకిందులు. మా ముఖాలు పోస్టరు మీద లేవు. పాప ముఖం ఉంది.

ఇంకోటి. చందా ఒక లాటరీ కూడా. పాప ఉన్న వార్డులోనే ఏజెన్సీ నుంచి వచ్చిన ఇంకో పిల్లవాడున్నాడు. వాడి తండ్రి వంట చేసే హాస్టలు లేదు, పోస్టరు వేసే కుర్రాళ్ళు లేరు. తెలుగు కూడా అంతంతమాత్రం. వాడి గుండెకీ పాప గుండెకీ ఏమిటి తేడా? తెలిసినవాళ్ళు ఉన్నవాడికే తెలియనివాళ్ళూ ఇస్తారు. అమెరికా వంటి ధనిక దేశంలోనే, గోఫండ్‌మీలో 2016 నుంచి 2020 వరకు వచ్చిన వైద్య విన్నపాలను లక్షల సంఖ్యలో పరిశీలించిన పరిశోధకులు, అనుకున్న మొత్తం చేరినవి నూటికి పన్నెండు కూడా లేవని తేల్చారు. అసలు ఒక్క దాతా దొరకనివి నూటికి పదహారు. మనం పత్రికల్లో చదివేది గెలిచినవాళ్ళ కథలు. ఓడిన పిల్లల ఫోటోలు ఎవరూ వేయరు.

"అయితే ప్రభుత్వమే అంతా చూసుకుంటుందిలే, మీరు ఊరుకోండి అంటావా?" అని అడగొచ్చు. అనను. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైన ఆరోగ్యశ్రీ ఎన్ని లక్షల కుటుంబాలను నిలబెట్టిందో ఈ రెండు రాష్ట్రాల్లో ఏ ఊరివాణ్ణడిగినా చెబుతాడు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి దాని పేరు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ. మొదట్లో కుటుంబానికి ఏడాదికి లక్షన్నర, అవసరమైతే మరో యాభై వేలు. 2023 డిసెంబరులో తెలంగాణ పది లక్షలకు, ఆంధ్రప్రదేశ్ ఇరవై అయిదు లక్షలకు పరిమితి పెంచాయి. పుట్టపర్తిలో 1991 నుంచి నడుస్తున్న ఆసుపత్రిలో గుండె ఆపరేషన్లకు రుసుము తీసుకోరు. తిరుపతిలో 2021 అక్టోబరులో తిరుమల తిరుపతి దేవస్థానం పిల్లల గుండెల కోసమే పద్మావతి హృదయాలయం తెరిచింది. ఇవన్నీ ఉన్నాయి. మరోపక్క, బకాయిలు చెల్లించలేదని ఆసుపత్రులు సేవలు ఆపేసిన రోజులూ రెండు రాష్ట్రాల్లోనూ వచ్చాయి. ఆ రోజుల్లో మంచం మీదున్న పిల్లవాడికి ప్రకటనలు అన్నం పెట్టవు. న్యాయం వచ్చేదాకా గుండె ఆగదు. అందుకని చందా కావాలి.

మరి నా ఆవేదన ఏమిటంటే, ప్రభుత్వాలకు కూడా చందా అలవాటైపోతోంది. 2021లో వచ్చిన అరుదైన వ్యాధుల జాతీయ విధానం చూడండి. కొన్ని జబ్బులకు ప్రభుత్వం మోయలేని ఖర్చవుతుంది కనుక దాతల నుంచి విరాళాలు పోగుచేసేందుకు ప్రభుత్వమే ఒక వేదిక తెరిచింది. వెన్నెముక కండరాల క్షీణత వంటి జబ్బుకు ఒక్క మోతాదు పదహారు కోట్లు చెప్పే మందుల విషయంలో అది అర్థం చేసుకోదగ్గదే. కానీ ఏలినవారే జోలె పట్టడం మొదలెడితే, ఆ జోలెలో ఎవరు వెయ్యాలి, ఎవరిని నిలదీయాలి? హక్కుగా రావలసింది దయగా వచ్చినప్పుడు మనం చప్పట్లు కొడుతున్నాం. చప్పట్ల మోతలో ప్రశ్న వినపడటం లేదు.

ఇక మా డబ్బు సంగతి. ఆపరేషను ఊరికే అయిపోయింది. లక్షా ఎనభై ఆరు వేలు మిత్రుడి ఖాతాలో అలాగే ఉన్నాయి. మావయ్యకి ఇవ్వబోతే, "ఆపరేషన్ అయిపోనాది కదా బాబూ, ఇంకేటికి?" అని చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. మాస్టారు కూర్చోబెట్టి మెల్లగా అడిగితే అప్పుడు బయటపడింది. పరీక్షలకీ, బస్సులకీ, ఆసుపత్రి బయట అద్దె గదికీ, రెండు నెలల జీతం నష్టానికీ కలిపి నలభై మూడు వేలు అప్పు. నూటికి అయిదు వడ్డీ, నెలకి! మేము లోకమంతా చాటింది మూడున్నర లక్షల గుండె చిల్లు. నిజానికి పూడ్చవలసింది నలభై మూడు వేల సంసారపు చిల్లు. అది ఫోటోలో పడదు. అందుకే మాకు కనపడలేదు.

దాతలకు మళ్ళీ రాశాం, జరిగింది జరిగినట్టు. తిరిగి ఇమ్మన్నవాళ్ళకు ఇచ్చేశాం. చాలామంది ఉంచమన్నారు. అప్పు తీర్చాం, లెక్క నోటీసు బోర్డు మీద అంటించాం. మిగిలింది మాస్టారు, మేమిద్దరం కలిసి సంతకం పెట్టే ఖాతాలో వేశాం. అందులోంచే ఏజెన్సీ పిల్లవాడి తండ్రికి బస్సు ఖర్చులు, పదిహేను రోజుల భోజనం ఇచ్చాం. ఈసారి ఫోటో తీయలేదు. ఎవరూ అడగనూ లేదు.

కానీ మొదటి ఫోటో? అది మా చేతుల్లో లేదు. పాప ఇప్పుడు మూడో తరగతి. పరుగెత్తుతుంది, మధ్యలో కూర్చోదు. పోయిన దసరా సెలవుల తర్వాత మావయ్య నా గదికొచ్చాడు. బడిలో ఎవరి ఫోనులోనో ఆ బొమ్మ చూశారట, "అడుక్కునే పిల్ల" అన్నారట. ఇంకా ఘోరం, అదే ఫోటో కింద మాకు తెలియని ఎవరిదో నంబరు పెట్టి ఎవరో డబ్బు అడుగుతున్నారు. పోలీసులకు ఫిర్యాదిచ్చాం. "అది తీసెయ్యలేరా బాబూ?" అని అడిగాడు. లేమని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆపరేషను గాటు మానింది. నేను పెట్టిన గాటు మానలేదు.

అందుచేత మన విద్యార్థి సంఘానికి నా మనవి ఇది. ఉపన్యాసం కాదు, నాలుగు పనులు.

మొదటిది, ఎవరైనా పిల్లల వైద్యానికి సాయం కోరితే చందా పుస్తకం తెరవక ముందు కాగితాలు తెరుద్దాం. కార్డులో పేరుందా, పథకంలో ఆ చికిత్స ఉందా, ఏ ఆసుపత్రిలో చేస్తారు, ముఖ్యమంత్రి సహాయనిధికి దరఖాస్తు పెట్టవచ్చా? 104కి ఫోను చెయ్యడం, ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రని కలవడం, కార్యాలయంలో "ఎందుకు లేదు" అని రెండోసారి అడగడం: ఇదే మన అసలు చందా. మన చదువు ఇచ్చే చందా.

రెండోది, డబ్బు పోగుచేసేటప్పుడు పథకం చూడని ఖర్చులకు పోగుచేద్దాం. ప్రయాణం, బస, తల్లిదండ్రుల కూలినష్టం, ఆపరేషను తర్వాత నెలనెలా చూపించుకోవడం. చాలా కుటుంబాలు కూలేది ఆపరేషను బల్ల దగ్గర కాదు, బస్టాండు దగ్గర.

మూడోది, బిడ్డ ముఖం వద్దు, పేరు వద్దు, ఊరు వద్దు. నమ్మకం కావాలంటే మన ముఖాలు పెడదాం. సంఘం అధ్యక్షుడి ఫోటో, ఒక మాస్టారి సంతకం, డాక్టరు ధ్రువపత్రం చూశామన్న మాట. ఎన్నికల్లో గోడలన్నిటి మీదా ముఖాలు వేసుకుంటాం కదా, ఈ ఒక్క పనికి వేసుకోలేమా?

నాలుగోది, ఒక్కో పిల్ల కోసం ఒక్కోసారి ఏడిపించి పోగుచేయడం మానేసి, నెలకు తలా పది రూపాయలతో శాశ్వత నిధి పెడదాం. వారాల లెక్కే ఇది. ఎవరికీ బరువు కాదు. జమాఖర్చులు ఏటా ఈ సావనీరు చివరి పేజీలో అచ్చువేద్దాం. ప్రకటనలకు ఇచ్చే చోటులో ఒక అర పేజీ చాలు.

పూర్వవిద్యార్థులకూ ఒక మాట. మీలో పెద్ద పదవుల్లో ఉన్నవారున్నారు, దూరదేశాల్లో స్థిరపడినవారున్నారు. మీరు పంపే డబ్బుకు చేతులెత్తి నమస్కారం. దాంతో పాటు ఒక ఉత్తరం కూడా రాయండి, బకాయిలు ఎందుకు ఆగాయని, కార్డులో పిల్లల పేర్లెక్కడానికి ఎందుకింత కాలం పడుతోందని. మీ ఉత్తరానికి ఉన్న విలువ మా పోస్టరుకు లేదు.

ఇవాళ్టికీ మావయ్యే వడ్డిస్తాడు. పంక్తిలో నా దగ్గరికొచ్చి "చారు వెయ్యమంటారా బాబూ" అంటాడు. అతను మరిచిపోయాడేమో, నాకు తెలియదు. నాకు మాత్రం ఆ వాక్యంలో ప్రతిసారీ ఇంకో మాట వినపడుతుంది. రేపు ఈ సంఘం తరఫున ఎవరైనా సాయం పేరుతో ఇంకో గుమ్మం ఎక్కితే, ఆ ఇంటివాళ్ళు ఆ ప్రశ్న అడగవలసిన అవసరం రాకూడదు. పాప రిబ్బన్లు కట్టుకుని నవ్వుతూ ఉండగానే మన చెయ్యి జేబులోకి వెళ్ళాలి.